పాత రేకు, ఖాళీ సీసా... పొలానికి కాపలా

మిరపలో ఆకు ముడుచుకున్నా, వంగలో చిగురు వాలినా మనకు మొదట గుర్తొచ్చేది మందుల దుకాణమే. షాపతను ఏ సీసా చేతిలో పెడితే అది తెచ్చి కొట్టడం, తగ్గకపోతే మూడో రోజున ఇంకోటి తేవడం. తోటలో ఉన్నది తెల్లదోమా, తామర పురుగా, లేక నీటి ఎద్దడికే ఆకు వాలిందా అని దగ్గరికెళ్లి చూసేవాళ్లు తక్కువ. రెండెకరాల రైతుకు, అందులోనూ కౌలు కట్టి సాగు చేసేవాడికి ఒక్క పిచికారీ అంటే మందు ఖర్చు ఒక్కటే కాదు. నీళ్లు మొయ్యాలి, పంపు అద్దె కట్టాలి, మనిషికి కూలి ఇవ్వాలి. ఆ ఖర్చు ఇప్పుడు పెట్టాలా, ఇంకో వారం ఆగొచ్చా అన్నది చెప్పే కాపలాదారును ఇంట్లో పాత సామానుతోనే తయారు చేసుకోవచ్చు. కావలసినవి నూనె డబ్బా రేకు, కాస్త రంగు, ఆముదం, తాగి పారేసిన నీళ్ల సీసా.

ముందే ఒక మాట. వీటితో పురుగు పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పురుగు వచ్చిందని చెప్పడం, వచ్చినదాంట్లో కొంత పట్టుకోవడం, ఇంతే వీటి పని. అయితే మొదటి పని చిన్నదేమీ కాదు.

పసుపు రేకు

తెల్లదోమ, పచ్చదోమ, పేనుబంక రెక్కల పురుగులు, ఆకు లోపల పాము గీతలు గీసే ఈగ, వీటన్నిటికీ పసుపు రంగంటే మోజు. లేత ఆకు అనుకుని వచ్చి వాలతాయి. ఆ రంగు మీద జిగురు ఉంటే ఇక లేవలేవు. ఇంత చిన్న సంగతి మీదే జిగురు అట్టల వ్యాపారమంతా నడుస్తోంది. డబ్బు పెట్టి కొనేవాళ్లు కొనుక్కోవచ్చు గానీ, ఇంట్లో చేసుకున్నదీ అదే పని చేస్తుంది.

పదిహేను కిలోల నూనె డబ్బా ఒకటి తీసుకుని నాలుగు పక్కలూ కోస్తే నాలుగు రేకులొస్తాయి. అంచులు చేతులు కోస్తాయి, సుత్తితో లోపలికి మడిచి కొట్టండి. రెండు వైపులా పసుపు రంగు పెయింటు వేయండి. పండక్కి గడపకు వేసిన రంగు డబ్బా అడుగున కాస్త మిగిలే ఉంటుంది, అది చాలు. రంగు నిమ్మపండులా నిగనిగలాడాలి. నారింజ ఛాయలోకి దిగినా, వెలిసిపోయినా పురుగు అంతగా రాదు. రేకు దొరక్కపోతే పాత ఫ్లెక్సీ ముక్కలు వాడుకోవచ్చు. ఎన్నికలైపోయాక మన ఊళ్లలో ఫ్లెక్సీలకు కొదవా? పసుపూ దొరుకుతుంది, నీలమూ దొరుకుతుంది. పురుగుకు పార్టీ తెలియదు. అక్షరాలు, బొమ్మలు లేని సాదా భాగం చూసి కోసుకోండి, లేదంటే వెనక తెల్లగా ఉండే వైపు రంగు వేయండి.

రంగు పూర్తిగా ఆరాక జిగురు పూయాలి. చిక్కటి ఆముదం బాగా పనికొస్తుంది, తెల్ల గ్రీజు అయినా సరే. కొందరు ట్రాక్టరు నుంచి తీసిన వాడేసిన ఆయిలు పూస్తున్నారు. ఊరికే వస్తుంది నిజమే. కానీ అది పూస్తే రేకు నల్లబడిపోతుంది. పసుపు కనబడనప్పుడు దోమ ఎందుకొస్తుంది? ఆ పని చేయకండి.

ఇందులో ఒక కిటుకుంది. రేకుకు నేరుగా ఆముదం పూస్తే వారం తిరక్కుండానే దుమ్ము, పురుగులు పేరుకుంటాయి. గీకి తుడవడం పెద్ద విసుగు, రంగు కూడా ఊడొస్తుంది. దానికి బదులు రేకుకు పలచటి తెల్ల పాలిథీన్ కవరు తొడిగి, ఆముదం కవరు మీద పూయండి. లోపలి పసుపు బయటికి కనబడుతూనే ఉంటుంది. నిండగానే కవరు ఒక్కటి మార్చుకుంటే సరి, రేకు రెండు మూడు పంటలకు వస్తుంది. వాన కురిసినా, దుమ్ము గాలి వీచినా జిగురు పోతుంది కాబట్టి మర్నాడే చూసుకుని మళ్లీ పూయాలి.

కందికట్టెకో, వెదురు కర్రకో బైండింగు తీగతో కట్టి పాతండి. ఎత్తు ముఖ్యం. రేకు అడుగు అంచు పైరు తలకు తగిలీ తగలనట్టు ఉండాలి. పైరు ఎదిగే కొద్దీ రేకునూ పైకి జరపాలి. నాటిన వారానికి పెట్టిన రేకు రెండు నెలలకు ఆకుల్లో మునిగిపోయి ఉండటం చాలా తోటల్లో కనబడుతుంది. ఇక అది ఉన్నా లేనట్టే. ఎకరాకు పది నుంచి ఇరవై వరకు పెట్టుకోవచ్చు. గట్ల వైపు ఎక్కువ పెట్టండి, బయటి నుంచి వచ్చే పురుగు మొదట దిగేది అక్కడే.

టమాట, మిరప నారుమళ్లలో, బెండ, మినుము లేత పైరులో ఈ రేకుల్ని మొదటి రోజు నుంచే పెట్టాలి. బెండలో, మినుములో పల్లాకు తెగులును, టమాట, మిరపలో ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమే. వైరస్ పట్టిన మొక్కకు తర్వాత ఏ మందు కొట్టినా ప్రయోజనం లేదు. అక్కడ దోమలు పదా, వందా అన్న లెక్క కన్నా అసలు వచ్చాయా లేదా అన్నదే ముఖ్యం.

తామర పురుగుకు నీలం

తామర పురుగులు నీలం రంగుకు బాగా వస్తాయి. తయారీ అంతా పైన చెప్పినట్టే, రంగు ఒక్కటే తేడా. మిరప రైతులు 2021-22 పంటను మరిచిపోయి ఉండరు. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ ప్రాంతాల్లో నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలే దున్నేసుకునేలా చేసింది. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో, అదీ బొప్పాయి మీద. ఆరేళ్ల తర్వాత మన మిరప మీద పడింది. రోజు విడిచి రోజు మందు కొట్టినవాళ్లకు కూడా కాయ దక్కలేదు. పెద్ద పురుగు పూవు లోపల నక్కి ఉంటుంది, మందు దాకా రాదు. పైగా ఇష్టమొచ్చినట్టు మందులు కలిపి కొట్టడంతో దాన్ని తినే మిత్ర పురుగులు ముందు పోయాయి.

నీలం అట్టలు పెట్టినవాళ్లు కూడా వాటినే నమ్ముకుని కూర్చోకూడదు. వారానికి రెండు సార్లు తోటలో ఓ ఇరవై మొక్కల దగ్గర ఆగి, పూవును తెల్ల కాగితం మీద తట్టండి. దారప్పోగు ముక్కల్లాంటి నల్లటి సన్న పురుగులు కాగితం మీద పరుగెడతాయి. అట్ట మీద కనబడింది, పూవులో కూడా కనబడింది అంటే ఇక ఆలస్యం చేయకూడదు. ఊళ్లోని వ్యవసాయ సహాయకుణ్ణో, తెలంగాణలో అయితే విస్తరణాధికారినో ఆ పూలు తీసుకెళ్లి చూపించి మందు అడగండి. ఎవరూ దొరక్కపోతే కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు ఫోను చేస్తే తెలుగులోనే చెబుతారు, ఫోనుకు ఖర్చు లేదు.

లెక్క రాసుకోవడం మన రైతుల్లో చాలామందికి గిట్టని పని. అయినా ఇది చేయండి. పొలంలో ఐదు రేకులకు గుర్తు పెట్టుకుని, సోమవారం, గురువారం వాటి మీది పురుగుల్ని లెక్కపెట్టి పిల్లల పాత నోటుబుక్కులో రాయించండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్లే సరదాగా చేస్తారు. ఆరేడు పురుగులు పడ్డచోట తర్వాతి లెక్కలో ముప్పై నలభై పడ్డాయంటే ఏదో మొదలైందని అర్థం. అప్పుడు ఆకుల అడుగున చూసి నిర్ణయించుకోవాలి. పత్తిలో ఆకుకు రెండు పచ్చదోమలు ఉన్నాయంటే మందు అవసరం పడినట్టే. అంతకన్నా తక్కువుంటే ఆగొచ్చు. ఆ ఆగినది మీ జేబులో మిగులు.

రేకు మీద అక్షింతల పురుగులు, తేనెటీగలు ఎక్కువగా అంటుకుంటుంటే అక్కడ రేకుల సంఖ్య తగ్గించండి. అవి మన మనుషులే.

నీళ్ల సీసాతో పండు ఈగకు

మామిడి, జామ కాయల్లో, కాకర, బీర, దోస, సొర పాదుల్లో పండు ఈగ చేసే నష్టం కంటికి కనబడేసరికి అంతా అయిపోతుంది. ఈగ కాయ తోలు గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. పురుగు లోపలే పెరుగుతుంది, పైన కొట్టిన మందు దాన్ని తాకదు. ఈ ఈగ కారణంగానే 2014 మే నెలలో ఐరోపా దేశాల కూటమి మన మామిడిని, కాకర, వంగ, పొట్ల, చేమ కూరగాయల్ని తమ సంతల్లోకి రానివ్వకుండా ఆపేసింది. మామిడి మీద ఆంక్ష తీసింది 2015 జనవరిలో.

లీటరు నీళ్ల సీసా తీసుకోండి. పై నుంచి మూడో వంతు దగ్గర, ఎదురెదురుగా బొటనవేలు పట్టేంత రంధ్రాలు రెండు కోయండి. మూతకు చిన్న రంధ్రం పెట్టి తీగ దూర్చి, లోపల ఎర బిళ్ల రంధ్రాల ఎత్తున వేలాడేలా కట్టండి. అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి చిటికెడు బట్టల సబ్బు పొడి వేయండి. సబ్బు నీళ్లలో పడిన ఈగ తేలలేదు, మునిగిపోతుంది. కట్టే తాడుకు మధ్యలో కాస్త గ్రీజు రాయండి, లేకపోతే చీమలు చేరి పడిన ఈగల్ని తినేస్తాయి, ఎన్ని పడ్డాయో తెలియకుండా పోతుంది. ఎండకు నీళ్లు ఇంకిపోతాయి, వారానికోసారి పోస్తుండాలి.

ఎర బిళ్ల మాత్రం కొనక తప్పదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. మామిడి, జామకు మిథైల్ యూజినాల్ ఎర. పాదు కూరగాయలకు క్యూల్యూర్ అనే వేరే ఎర. మామిడి ఎర తెచ్చి బీర పందిట్లో కట్టి ఈగ పడలేదని తిట్టుకుంటే లాభం లేదు. కొన్ని బిళ్లలకు ముందే విషం పట్టించి ఉంటుంది, చేతికి కవరు తొడుక్కుని కట్టండి, పిల్లలతో కట్టించకండి.

ఈ ఎరలకు వచ్చేది మగ ఈగలే. మగవి తగ్గితే ఆడవి పెట్టే గుడ్లు మురిగిపోతాయి, అదీ కిటుకు. కాబట్టి కాయ పక్వానికి వచ్చాక హడావిడిగా కడితే ఆలస్యమే. మామిడిలో కోతకు రెండు నెలల ముందే ఎకరాకు ఆరు నుంచి పది సీసాలు, మనిషి ఎత్తున, కొమ్మల నీడలో కట్టాలి. రాలిన కాయల్ని చెట్టు కింద వదిలేయకుండా ఏరి రెండడుగుల గోతిలో పూడ్చాలి. పురుగు కాయ వదిలి మట్టిలోకి దిగి, అక్కడి నుంచే మళ్లీ ఈగై లేస్తుంది. కాయ ఏరనివాడు సీసాలు ఎన్ని కట్టినా అంతంత మాత్రమే. పక్క తోట వాళ్లు కూడా కడితే ఫలితం బాగుంటుంది. పదిమంది కలిసి తెచ్చుకుంటే ఎర బిళ్లల ఖర్చూ తగ్గుతుంది.

ఇదే సీసాను కొంచెం పెద్దది తీసుకుని, కిటికీల్లా వెడల్పుగా కోస్తే వంగలో కొమ్మ, కాయ తొలిచే పురుగుకు లింగాకర్షక బుట్టగా పనికొస్తుంది. ఆ పురుగు ఎర తెచ్చి, సబ్బు నీళ్లకు రెండు మూడు సెంటీమీటర్ల పైన వేలాడదీయాలి. పత్తిలో గులాబీ రంగు పురుగుకు అయితే ఎకరాకు నాలుగు బుట్టలు పెట్టి రోజూ పొద్దున్నే చూడండి. ఒక్కో బుట్టలో రాత్రికి ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే అప్పుడు మందు ఆలోచన చేయాలి. మూడు నాలుగు వారాలకోసారి ఎర మార్చాలి.

మందు డబ్బాల జోలికి వద్దు

పాత సామానుతో చేసుకోండి అన్నాం కదా అని పురుగుమందు సీసాల్ని, డబ్బాల్ని మాత్రం ఎందుకూ వాడకండి. మందు డబ్బా కడిగి కిరసనాయిలు పోసుకోవడం, విత్తనాలు దాచుకోవడం, పొలానికి మంచినీళ్లు తెచ్చుకోవడం ఇప్పటికీ కనబడుతూనే ఉంది. ఎంత కడిగినా ప్లాస్టిక్కు పీల్చిన మందు పోదు. 2013 జూలైలో బీహార్‌లోని సారన్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు 23 మంది చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినట్టు పరీక్షలో తేలింది. మనం పత్తికి, మిరపకు సీసాలకు సీసాలు కొట్టిన మందే అది. డబ్బా ఖాళీ అవగానే మూడు సార్లు నీళ్లతో తొలిచి, ఆ నీళ్లను పిచికారీ పంపులోనే పోసేయండి. డబ్బాకు అడుగున మేకుతో బెజ్జాలు కొడితే ఇంకెవరూ ఎత్తుకెళ్లి వాడరు. కాల్చకండి, ఆ పొగా విషమే.

పక్షులకు పాత క్యాసెట్టు

జొన్న, పొద్దుతిరుగుడు వేసిన రైతులకు పిట్టల బెడద ఉంటుంది. అటకమీద పాడైపోయిన పాటల క్యాసెట్లుంటే లోపలి రీలు లాగి, పైరుకు అర మీటరు పైన కర్రకూ కర్రకూ మధ్య రెండు మెలికలు తిప్పి కట్టండి. గాలికి జుయ్‌మని మోగుతుంది, ఎండకు మెరుస్తుంది. పిట్టలకు అలవాటు పడే గుణం ఉంది కనుక కంకి పాలు పోసుకునే ముందు కట్టాలి గానీ, మొదటి నుంచీ కట్టేస్తే వాటికి భయం పోతుంది.

శనగ, కందిలో మాత్రం పిట్టలే మనకు పాలేర్లు. ఎండు కొమ్మలు ఎకరాకు పది పదిహేను పాతితే కాకులు, గోరింకలు వాలి పచ్చ పురుగును ఏరి తింటాయి. జొన్నలో పురుగు కోసం పాతిన కొమ్మల్ని మాత్రం గింజ పట్టే వేళకు పీకేయాలి, లేకపోతే ఆ కొమ్మ మీదే కూర్చుని గింజ తింటాయి.

కోతకు ముందే రీలు ముక్కలు, ఆముదం పూసిన కవర్లు, సీసాలు అన్నీ లెక్కపెట్టి ఏరుకోండి. చొప్పతో పాటు పశువు కడుపులోకి పోతే అదో కొత్త తిప్పలు.