పత్తి విత్తనం: నాణ్యత ఎవరికి తెలుసు, ధర ఎవరు కడతారు?

గద్వాల ప్రాంతపు నడిగడ్డలో సీడ్ పత్తి పండించే రైతు దగ్గర కంపెనీ గింజను ఊరికే తీసుకోదు. కూలీలు మొగ్గ మొగ్గకూ చేత్తో క్రాసింగ్ చేసి తీసిన గింజలకు ముందు మొలక పరీక్ష, తర్వాత జీఓటీ ఉంటాయి. జీఓటీ అంటే నమూనా గింజలను నాటి, మొక్కలు పెరిగాక జన్యు స్వచ్ఛత చూడడం. అందులో ఫెయిలైన లాట్‌ను కంపెనీ తీసుకోదు.

అదే గింజ ప్యాకెట్‌లోకి ఎక్కి వనపర్తి, నాగర్‌కర్నూల్ చెల్కలకు చేరాక కొనేవాడి చేతిలో ఏ పరీక్షా లేదు. లేబుల్ మీద మొలక శాతం, స్వచ్ఛత ఉంటాయి. ఈ నేలలో, వాన వెనకబడితే ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు వస్తాయో ఉండదు.

గుత్త వ్యాపారి నాణ్యతకు ధర ఎలా కడతాడో ఆర్థికవేత్తలు మైకేల్ ముస్సా, షెర్విన్ రోజెన్ 1978లో లెక్క కట్టారు. ఎక్కువ పెట్టగలిగినవాళ్లు చవక రకానికి దిగిపోకుండా, ఆ చవక రకం నాణ్యతను అతను కావాలనే తగ్గిస్తాడు. అయితే కొనేవాళ్లకు నాణ్యత తెలుసన్నది ఆ లెక్కకు పునాది. పత్తి రైతుకు అది తెలిసే దారే లేదు. ఏడాదికి ఒక్క పంట. దిగుబడి తగ్గితే తప్పు విత్తనానిదా, వానదా, పురుగుదా తేల్చలేడు. అందుకే పక్క పొలం చూసి కొంటాడు. వరంగల్ జిల్లా పల్లెల్లో పరిశోధించిన మానవశాస్త్రవేత్త గ్లెన్ స్టోన్ 2007లో రాసిందీ ఇదే: రైతులు కొద్దిగా వేసి చూసి ఎంచుకోవడం తగ్గింది, ఊరంతా ఒకే పేరు వెంట పడడం పెరిగింది. అలాంటి సంతలో కంపెనీకి గింజను బాగుచేయడం కన్నా పేరును పెంచుకోవడమే లాభం.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక తొలి నాలుగేళ్లు ఆ సాంకేతికత మహికో మాన్‌శాంటో బయోటెక్ ఒక్కదాని చేతిలోనే ఉంది. అప్పట్లో 450 గ్రాముల ప్యాకెట్ రూ.1,600 పైమాటే. అందులో రూ.1,250 దాకా ఆ సాంకేతికతకు కట్టే ట్రెయిట్ ఫీజు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది. ఫీజు తగ్గించమని కమిషన్ ఆదేశించాక రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్ ధరను రూ.750గా ఖరారు చేసింది. 2016 నుంచి గరిష్ఠ ధర కేంద్రమే నిర్ణయిస్తోంది. 2020లో ట్రెయిట్ ఫీజు సున్నా అయింది.

ఈ పోరాటం రైతు జేబును కాపాడింది. గింజ గుణం మాత్రం చీకట్లోనే ఉండిపోయింది. రెండో తరం బీటీ పత్తి అయిన బీజీ-2 హైబ్రిడ్లన్నిటికీ ఒకే గరిష్ఠ ధర కాబట్టి మంచిదేదో, నాసిదేదో ధర చూసి చెప్పలేం. ఒక పేరుకు గిరాకీ వస్తే అది బ్లాక్‌లోకి పోతుంది.

మందు దగ్గరలోనే ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానం ఉంది. అమ్మకానికి వచ్చే ప్రతి హైబ్రిడ్‌నూ చెల్కలో, నల్లరేగడిలో వేసి చూసి, ఆ దిగుబడులను రోహిణి కార్తెకు ముందే ప్రతి విత్తన దుకాణంలో అంటించాలి. మూడేళ్ల ఫలితాలు చూపలేని విత్తనానికి గరిష్ఠ ధర అడిగే హక్కు ఉండకూడదు.