పొగయింజను పోయిన పిదప బిట్రగుంట

చెన్నపట్టణమునుండి విజయవాడకు పోవు రైలులో నెల్లూరు దాటిన పిమ్మట వచ్చు బిట్రగుంటను నేటి ప్రయాణికులు పెక్కుమంది నిద్రలోనే దాటిపోవుచుందురు. పొగయింజన్ల కాలమున ఈ మార్గమునకు అది ఊపిరి తీసికొను తావు.

1899లో ఈ రెండు నగరములకు రైలుసంబంధ మేర్పడినది. నడిమి దూరము 430 కిలోమీటర్లకు పైమాట. బిట్రగుంట ఇంచుమించు సగము దారిలో నున్నది. ఆవిరి యింజను ఒక్క పరుగున అంత దూరము పోజాలదు. దానికి బొగ్గు కావలెను, నీరు కావలెను. బూడిద దులుపవలెను, గొట్టములు కడుగవలెను. చల్లారిన బాయిలరు మరల ఆవిరి పట్టుటకు గంటల కాలము పట్టును. కావుననే ఇచ్చట లోకోషెడ్డు, యార్డు, డ్రైవర్లకు ఫైర్‌మెన్లకు ఫిట్టర్లకు కాలనీ వెలసినవి. ఆంగ్లో ఇండియను కుటుంబములును పెక్కు కాపురముండినవి.

1980 ప్రాంతమున ఈ మార్గముపై విద్యుత్తు తీగలు సాగినవి. విద్యుత్ ఇంజనుకు బొగ్గు అక్కరలేదు, నీరు అక్కరలేదు. ఆ షెడ్డుతో అక్కరయే లేకపోయినది.

పని పోయిన కట్టడము నేమి చేయవలెను? తాళము వేసి బోర్డు తగిలించినంత మాత్రమున కప్పు నిలువదు. మనుష్యులు మసలని చోట వాన కారినను చూచువారెవరు? లండనులోని కామ్‌డెనున 1847లో గుండ్రని ఇంజను షెడ్డు నొకదానిని కట్టిరి. ఇంజన్ల పొడవు పెరుగగా కొలది ఏండ్లకే అది చాలకపోయెను. పిమ్మట అర్ధశతాబ్దికి పైగా మద్యపు గిడ్డంగిగా నుండి, 1960 దశాబ్దమున నాటకశాల యైనది. దాని కప్పును కాపాడినది మద్యమే యని చెప్పుటకు సంకోచముగా నున్నను, నిజమదియే. మన దేశమున హర్యానాలోని రేవాడీలో 1893 నాటి షెడ్డును రైల్వేవారే 2002లో బాగుచేసి ఆవిరి యింజన్లకు నిలయము చేసిరి. రాజమహేంద్రవరపు హేవలాకు వంతెనపై మాత్రము 1997లో బండ్లు ఆగినవి. దాని నేమి చేయవలెనను ఆలోచన ఏండ్ల తరబడి సాగినది.

లోకోషెడ్డులకు ఎత్తైన కప్పు, అడ్డుగోడలు లేని విశాలమైన నేల, పొగ పోవుటకు పై మార్గములు ఉండును. వృత్తివిద్యాశాలకైనను, ప్రదర్శనశాలకైనను, సంతకైనను ఇంతకన్న అనువైన చోటుండదు. చిక్కులును లేకపోలేదు. నేల ఏండ్ల తరబడి నూనె త్రాగి యుండును. సముద్రము చేరువ గనుక ఉప్పుగాలి ఇనుమును తినును. అన్నిటికన్న ముందు వాననీరు పోవు దారి చేసి, గోడలలోని రావిమొక్కలను పెరికి, కొలతలతో పటములు గీయవలెను. ఇందులకు పెద్ద వ్యయము కాదు.

పటములకు అందనిది మరియొకటి కలదు. బ్రాడ్‌గేజిపై ఆవిరి యింజన్లు 1995లో సెలవు తీసికొన్నవి. ఆనాడు పారతో బొగ్గు వేసిన యువకులకు నేడు తల నెరసినది. ఏ కూత దేనికి గుర్తో, మంట రంగును బట్టి బొగ్గు మంచిచెడ్డ లెట్లు తెలియునో వారి నోటనే వినవలెను. రికార్డింగు యంత్రము తీసికొని పోవుటకు నెల్లూరునుండి గంటలోపు ప్రయాణమే.