ఎయిర్‌లైన్ అలయన్స్: టికెట్ ఒకటే.. విమానాలు రెండు కంపెనీలవి! బుక్ చేసే ముందు ఇది తెలుసుకోండి

హైదరాబాద్ నుంచి అమెరికాకు ప్రస్తుతం నేరుగా ఫ్లైట్ లేదు. చికాగో వెళ్లాలంటే మధ్యలో ఎక్కడో ఒకచోట విమానం మారాల్సిందే. ఫ్రాంక్‌ఫర్ట్ వరకు లుఫ్తాన్సాలో, అక్కడి నుంచి యునైటెడ్‌లో వెళ్లొచ్చు. కంపెనీలు రెండు, టికెట్ మాత్రం ఒకటే. ఇదెలా కుదురుతుంది?

అలయన్స్ అంటే ఏంటి?

1997లో లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిర్ కెనడా, థాయ్ ఎయిర్‌వేస్, ఎస్‌ఏఎస్ కలిసి స్టార్ అలయన్స్ ఏర్పాటు చేశాయి. ఆ తర్వాత వన్‌వరల్డ్, స్కైటీమ్ వచ్చాయి. ఎయిరిండియా 2014లో స్టార్ అలయన్స్‌లో చేరింది. ఈ కూటముల్లోని కంపెనీలు ఒకరి ఫ్లైట్‌కు మరొకరు తమ నంబర్ పెట్టుకుని సీట్లు అమ్ముతాయి. దీన్నే కోడ్‌షేర్ అంటారు.

సీట్లు ఎలా నిండుతాయి?

ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లైట్ ఎక్కేవాళ్లంతా జర్మనీలో దిగిపోయేవాళ్లు కాదు. చికాగో, డెన్వర్, టొరంటో.. ఇలా ఒక్కో ఊరికి కొద్దిమందే ఉన్నా, అందరూ కలిస్తే విమానం నిండుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక వాళ్లే భాగస్వామి కంపెనీల సీట్లూ నింపుతారు. ఒక్క ఊరి గిరాకీతో గిట్టుబాటు కాని రూట్ కూడా ఇలా నిలబడుతుంది. హైదరాబాద్–లండన్ రూట్లో నడిచే బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ది కూడా ఇదే లెక్క. అక్కడి నుంచి అమెరికాకు దాని భాగస్వామి అమెరికన్ ఎయిర్‌లైన్స్.

ఛార్జీలు తగ్గుతాయా?

కనెక్టింగ్ ప్రయాణాల్లో సాధారణంగా తగ్గుతాయి. విడివిడిగా అమ్మితే ఎవరి లాభం వాళ్లు వేసుకుంటారు, కలిసి అమ్మితే ఒకే రేటు ఉంటుంది. అయితే రెండు భాగస్వాముల ప్రధాన ఎయిర్‌పోర్టుల మధ్య నేరుగా వెళ్లేవాళ్లకు పోటీ తగ్గి, రేట్లు పెరిగే ప్రమాదం ఉంది. అందుకే 1996లో లుఫ్తాన్సా, యునైటెడ్ కలిసి ఛార్జీలు నిర్ణయించుకోవడానికి ఒప్పుకున్న అమెరికా ప్రభుత్వం.. చికాగో–ఫ్రాంక్‌ఫర్ట్, వాషింగ్టన్–ఫ్రాంక్‌ఫర్ట్ రూట్లకు మినహాయింపులు పెట్టింది.

రెండు టికెట్లు కొంటే?

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. తక్కువకు వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కొంటే, మొదటి ఫ్లైట్ లేటై రెండోది మిస్సయినప్పుడు చాలాసార్లు కొత్త టికెట్ డబ్బు మీ జేబులోంచే పోతుంది. ఒకే బుకింగ్‌లో ఉంటే ఎయిర్‌లైనే మరో ఫ్లైట్‌లో పంపుతుంది. రెండు కంపెనీలూ ఒకే అలయన్స్‌లో ఉన్నంత మాత్రాన సరిపోదు. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్‌లో ఉందా, నిజంగా విమానం నడిపేది ఎవరు.. డబ్బు కట్టే ముందే చూసుకోవాలి.