క్లిప్పులకు ముందే తేలవలసిన మాట

మేడ్చల్ బస్టాండు ఎదుట సాయంకాలవేళ మిరపకాయ బజ్జీ కొరికిన పడుచువాని నోటిలోనికి పైపిండి మాత్రమే వచ్చి, లోని మిరపకాయ తెగక తొడిమతో గూడ చేతిలోనే మిగిలిపోయినచో, చూచువారికది తినుట చేతకానితనముగా తోచవచ్చును. కాని కింది పండ్లు పై పండ్లను దాటి ముందునకు వచ్చి నిలిచినవారికి, ముందుపండ్లు కత్తెర రెక్కలవలె ఒకదానినొకటి ఒరయుట యెన్నడును లేదు కనుక, కొరుకుటకు బదులు పీకుటయు, ఆ పనిని దవడపండ్లకు అప్పగించుటయు బాల్యమునుండియు అలవడిపోవును.

ఇంటివారు దీనిని తాతగారి పోలికయని సరిపెట్టుకొందురు; ఆ మాట అబద్ధము కాదు, ఈ లక్షణము వంశమున దిగివచ్చుట వైద్యులెరిగినదే. పదేండ్లలోపు పిల్లలకు పై దవడను ముందునకు లాగు సాధనములున్నను, ఆ యీడున పట్టించుకొను తలిదండ్రులు అరుదు. శామీర్‌పేట దాపున జీనోమ్ వ్యాలీలో కొలువు కుదిరి, జీతము చేతికందిన పిమ్మటనో, పెండ్లిచూపుల ప్రస్తావన వచ్చిన పిమ్మటనో, క్లిప్పులు వేయించుకొనవలెనని దంతవైద్యుని గడప త్రొక్కుదురు. అప్పటికి ఎముక పెరుగుదల ముగిసియుండును గనుక, మిగులునవి క్లిప్పులతోనే సరిపుచ్చుట, దవడకు శస్త్రచికిత్స చేయించుట అను రెండు దారులే.

ఇచట నేను గట్టిగా చెప్పదలచినది ఒక్కటే. ఆపరేషను సంగతి తరువాత చూచుకొందము, ముందు క్లిప్పులు వేయుదమనుట తగదు. ఏలయన దారులు రెండును ఎదురెదురు దిక్కుల నడచును. శస్త్రచికిత్స లేకుండ సరిపుచ్చు పద్ధతిలో ఎముకలను ఉన్నచోటనే యుంచి, అవసరమైనచో కింది వరుసలో ఇరువైపుల నొక్కొక్క పన్ను తీసి, కింది పండ్లను లోనికి, పై పండ్లను వెలికి వంచుదురు. శస్త్రచికిత్సకు సిద్ధపరచునపుడో, ప్రకృతి అదివరకే అట్లు వంచిన పండ్లను నిటారుగా నిలుపవలెను. కనుక ఏడాది, ఏడాదిన్నర వరకు గడ్డము మునుపటికంటె ముందునకు వచ్చినట్లు కన్పట్టును. మొదటి దారిన సగము నడచి రెండవదానికి మరలువాడు చేసినదంతయు విప్పుకొనవలసివచ్చును. తీయించిన పన్ను తిరిగి రాదు.

అందువలన తలకు ప్రక్కనుండి తీయు ఎక్స్‌రే, సెఫలోగ్రామ్, మొదట కావలెను. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ వేర్వేరుగా ప్రవేశపెట్టిన యీ చిత్రము, కింది దవడ పెరిగినదా, పై దవడయే వెనుకబడినదా తేల్చును. గడ్డమును నిందించుచు వచ్చినవారిలో పలువురకు లోపము పై దవడలో కన్పించును.

శస్త్రచికిత్సను ఎంచుకొనువాడు ఎరుగవలసినదొకటి కలదు. కింది దవడ యెముకలో సన్నని సొరంగముండును. కింది పెదవికిని చుబుకమునకును స్పర్శనొసగు నరము దానిగుండ సాగును. జ్యూరిక్‌లో పనిచేసిన హ్యూగో ఒబ్వెగెసర్ 1957లో ప్రకటించిన పద్ధతిలో, చెంపపై గాటు పడకుండ నోటిలోపలినుండియే దవడ వెనుకభాగమును ఇరువైపుల నిలువుగా చీల్చి, పండ్లున్న భాగమును వెనుకకు జరిపి బిగింతురు. నేడు అందుకు టైటేనియం పలకలు వాడుదురు. చీలిక ఆ నరము చెంతనే పోవును. పెదవి తిమ్మిరి కొందరికి వారములలో, కొందరికి నెలలలో తీరును. కొందరికి కొంత శాశ్వతముగా నిలిచిపోవును. ఇది సంతకమునకు ముందు రోగి చెవిన పడవలసిన మాట. శస్త్రచికిత్స జరిగిన పిమ్మట ఆరు వారములు జావ, పప్పుకట్టు, మెత్తని అన్నము.

ఈ ప్రాంతమువారికి సూరారంలో మల్లారెడ్డి దంతకళాశాలయు, జవహర్‌నగర్ చెంత చెన్నాపురమున ఆర్మీ దంతకళాశాలయు, నగరమున అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంతవైద్యశాలయు కలవు. ఎచటికేగినను క్లిప్పుల నిపుణుని, దవడ శస్త్రవైద్యుని ఒకే బల్లయొద్ద కూర్చుండబెట్టి అడుగవలెను. ఎడము స్వల్పమై, తన ముఖము తనకు నచ్చినవానికి క్లిప్పులతోనే ముగించుట ఏమాత్రము తక్కువ చికిత్స కాదు. నమలుట, ఉచ్చారణ నిజముగా కుంటుపడినవాడు శస్త్రచికిత్సకు వెరవనక్కరలేదు. పెండ్లివారి మెప్పుకై దవడ కోయించుకొనబోవు పిల్లను మాత్రము వైద్యుడు తలిదండ్రులను బయట కూర్చుండబెట్టి, నీకేమి కావలెనమ్మా అని ఒంటరిగా అడిగి తీరవలెను.