మంచు కింద ఊపిరి

ఆఫీసులో ఏసీ కాస్త పెంచితే చాలు, నేను స్వెట్టర్ వెతుక్కుంటా. నార్వాల్ తిమింగలం మాత్రం ఏడాదంతా ఆర్కిటిక్ సముద్రాల్లోనే బతికేస్తుంది. చర్మం కింద సుమారు 10 సెంటీమీటర్ల కొవ్వు పొరే దానికి దుప్పటి. వీపు మీద రెక్క లేదు కాబట్టి మంచుపలకల కింద హాయిగా ఈదుతుంది. కండరాల్లో ఆక్సిజన్ దాచుకుని 1,500 మీటర్ల లోతుకూ దిగుతుంది. మగవాటికి కొమ్ములా కనిపించేది నిజానికి పన్నే!

ఇన్ని ఉన్నా ఊపిరి తీసుకోవాలంటే మంచులో ఒక పగులు దొరకాల్సిందే. 2008లో కెనడాలోని పాండ్ ఇన్‌లెట్ దగ్గర సముద్రం గడ్డకట్టి, 600కు పైగా నార్వాల్‌లు చిక్కుకుపోయాయి. ఎలాగూ బతకవని అక్కడి ఇన్యూట్ వేటగాళ్లు వాటిని చంపేశారు. ఆర్కిటిక్ వేడెక్కుతున్న కొద్దీ మంచు వేళలు మారిపోతున్నాయి. ఎంత చలినైనా తట్టుకునే ఒళ్లు, ఆ లెక్క తప్పితే ఏం చేస్తుంది?