ఒకే గంజాయి, మనిషికొక ప్రకటన

అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చిన ఒక పెద్దావిడ ఈమధ్య మా ఆసుపత్రికి వచ్చారు. విరిగి అతుక్కున్న మణికట్టు చూపించి, "అక్కడ ఒకనాడు రాత్రి బాత్‌రూములో పడిపోయాను బాబూ. వున్నన్నాళ్లూ మంచం మీద నుంచి లేస్తే ఒకటే తూలుడు. ఇక్కడికొచ్చాక అది లేదు" అన్నారు.

బి.పి. మాత్రలు ఏళ్ల తరబడి వాడుతున్నవే. కొత్తగా ఏమైనా వాడారా అని అడిగాను.

"మందులేమీ లేవు. నిద్ర పట్టడం లేదంటే మావాడు బిళ్లలు తెచ్చిచ్చాడు. పిల్లలు తినే జెల్లీ బిళ్లల్లాంటివే. ఆకు మందట, ఏ దోషమూ లేదట."

ఆ సీసా ఫొటో కొడుకుచేత ఫోనులో తెప్పించుకుని చూశాను. కాలిఫోర్నియా సరుకు. సీసా మీద చందమామ, ఊదారంగు పూలు, హాయిగా నిద్రపొమ్మనే తీయని మాటలు. అడుగున చీమ తలకాయంత అక్షరాలలో 'ఒక్కొక్క బిళ్లకు టి.హెచ్.సి. 5 మిల్లీగ్రాములు' అని వుంది.

"అమ్మా, ఇది గంజాయి" అన్నాను.

"రామ రామ! మా వీధి చివర మర్రిచెట్టు కింద పీల్చేవాళ్లే, అదా?"

"అదేనమ్మా. చిలుము పోయి సీసా వచ్చింది."

ఆవిడ అమాయకురాలు కారు, కొడుకూ తల్లికి చెడు చేయాలనుకోలేదు. మరి ఈ పొరపాటు ఎలా జరిగింది? ఆ సీసాను ఆవిడ వయసువారి కోసమే అలా తయారుచేశారు. ఈ వారం మీకు చెప్పదలచుకున్నది అదే.

అమ్మేవాడి లెక్క

అమెరికాలో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ప్రజలు 2012లో గంజాయి అమ్మకానికి ఓటు వేశారు. 2014 జనవరి 1న కొలరాడోలో దుకాణాలు తెరిచారు. కాలిఫోర్నియాలో 2018 జనవరిలో మొదలైంది. కెనడా 2018 అక్టోబరు 17న దేశమంతటా అనుమతించింది.

దుకాణం తెరిచాక వ్యాపారికి ఒక చిక్కు వచ్చింది. అలవాటున్న కుర్రవాళ్లు ఎలాగూ కొంటారు. కొనని వారిచేత కొనిపించడం ఎలా? అందుకని జనాన్ని వయసునుబట్టి, పనినిబట్టి, బాధనుబట్టి విడదీశారు. నిద్ర పట్టని ముసలివారికి చందమామ బొమ్మ. ఆఫీసులో అలసినవారికి 'ప్రశాంతత'. వ్యాయామం చేసేవారికి కీళ్లకు రాసుకునే లేపనం. ఆడవాళ్లకు అందమైన చిన్న డబ్బీ. మద్యం మానదలచినవారికి 'మర్నాడు తలనొప్పి వుండని' పానీయం.

2018లో మెడ్‌మెన్ అనే అమెరికన్ కంపెనీ పెట్టిన ప్రకటనలు చూడండి. గంజాయి మత్తులో తూలేవాణ్ణి అక్కడ 'స్టోనర్' అని ఎగతాళి చేస్తారు. ఆ ప్రకటనల్లో ఆ మాటను అడ్డంగా కొట్టివేసి, రకరకాల మామూలు మనుషుల బొమ్మలు వేశారు. వారిలో ఒక అమ్మమ్మ కూడా వుంది. 'మీవంటివారే వాడుతున్నారు, మీకెందుకు సంకోచం?' అన్నది అందులోని భావం.

ఇది కొత్త ఎత్తేమీ కాదు. 1929లో న్యూయార్కు ఊరేగింపులో ఆడవాళ్లచేత సిగరెట్లు కాల్పించి, అవి 'స్వేచ్ఛాజ్యోతులు' అని ప్రచారం చేశారు. 1946లో ఒక సిగరెట్టు కంపెనీ, డాక్టర్లు ఎక్కువమంది తమ సిగరెట్టే కాలుస్తారని ప్రకటించింది. మా తెల్లకోటును కూడా అమ్ముకున్నారన్నమాట! ఆ సిగరెట్ల ఫలితం ఆసుపత్రుల్లో ఇప్పటికీ చూస్తున్నాం.

వేవిళ్లకూ అదేనా?

మనిషినిబట్టి మాట మార్చడం ఎంతవరకు పోతుందో చెబుతాను. కొలరాడోలో పరిశోధకులు 400 గంజాయి దుకాణాలకు ఫోను చేసి, తాము గర్భవతులమనీ, వేవిళ్లతో బాధపడుతున్నామనీ చెప్పారు. నూటికి 69 దుకాణాలవారు గంజాయి సరుకే వాడమని సలహా ఇచ్చారు. 2018లో ప్రచురించిన అధ్యయనం ఇది.

టి.హెచ్.సి. మావి దాటి బిడ్డకు చేరుతుంది. బిడ్డ బరువు తగ్గే ప్రమాదం వుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడరాదని అక్కడి స్త్రీవైద్య నిపుణుల సంఘమే చెబుతున్నది. కౌంటరు వెనక నిలబడినవాడికి ఆ సంగతి పట్టలేదు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

సీసా మీది బొమ్మ మారినా మత్తునిచ్చే పదార్థం ఒక్కటే, టి.హెచ్.సి. సి.బి.డి. అనే మరొక పదార్థం మత్తు ఇవ్వదు, కాని కాలేయం మీద, ఇతర మందుల మీద దాని ప్రభావం వుంటుంది. 'పగటికి సటైవా, రాత్రికి ఇండికా' అని అమ్మే పేర్లను నమ్ముకోకండి. ఆ పేర్లకూ లోపలి రసాయనాలకూ సరైన పొంతన లేదు.

పొగ పీలిస్తే నిమిషాల్లో తెలుస్తుంది. తింటే అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియకపోవచ్చు. పనిచేయలేదనుకుని రెండో బిళ్ల వేసుకుంటారు. ఆ తరువాత రెండూ కలిసి పనిచేస్తాయి. మత్తు ఎన్నో గంటలు వుంటుంది. కాలిఫోర్నియాలో ఒక్క ప్యాకెట్టులో 100 మిల్లీగ్రాముల దాకా టి.హెచ్.సి. వుండవచ్చు. కెనడాలో తినే సరుకు ప్యాకెట్టుకు 10 మాత్రమే. పిల్లవాడికి సీసా దొరికితే మిఠాయి అనుకుని అన్నీ తినేస్తాడు.

మన పెద్దావిడ ఎందుకు పడ్డారు? టి.హెచ్.సి. వల్ల గుండె వేగం పెరుగుతుంది, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవచ్చు. బి.పి. మాత్ర కూడా అదే పని చేస్తే కళ్లు తిరగక ఏమవుతుంది? రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం పెరగవచ్చు. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు రెట్టింపు. గుండెజబ్బువారికి మరింత ప్రమాదం. ఇరవై అయిదేళ్లలోపు మెదడు ఇంకా ఎదుగుతూ వుంటుంది కనుక, కుర్రవాళ్లలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి, కొందరిలో మతిభ్రమణం కూడా కలుగుతుంది.

'అయితే దీనిలో మందు గుణమే లేదా డాక్టరుగారూ?' అని మీరు అడగవచ్చు. వుంది. క్యాన్సరు మందులవల్ల వచ్చే వాంతులకు 1985లో, పిల్లల్లో వచ్చే కొన్ని అరుదైన మూర్ఛలకు 2018లో అమెరికా ప్రభుత్వం ఇటువంటి మందులను అనుమతించింది. అవి ఫలానా జబ్బుకు, ఫలానా మోతాదులో, డాక్టరు చీటీ మీద ఇచ్చేవి. ఏళ్ల తరబడి నిద్రకు పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా చాలాకాలం వాడి మానేస్తే నిద్ర పట్టదు, పీడకలలు వస్తాయి.

మన దేశంలో

ప్రభుత్వాలు చూస్తూ ఊరుకోలేదు. కెనడా చట్టం ప్రకారం గంజాయి ప్రకటనల్లో మనుషుల బొమ్మలు, జంతువుల బొమ్మలు, ప్రముఖుల సిఫార్సులు పనికిరావు. ప్యాకెట్టు మీద పసుపురంగు హెచ్చరిక వుండి తీరాలి.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని, చరస్‌ను నిషేధించింది. కాని ఒట్టి ఆకు గంజాయి నిర్వచనంలోకి రాదు. ఆ సందులో నుంచి ఆయుర్వేదంలోని 'విజయ' అన్న పేరుతో తైలాలు, బిళ్లలు ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. ఒత్తిడికొకటి, నెలసరి నొప్పికొకటి, నిద్రకొకటి, చివరకు పెంపుడు కుక్కకొకటి! పేరు సంస్కృతంలో వున్నంత మాత్రాన దోషం పోదు.

మీరు చేయవలసినవి

1. 'ఇది నావంటివారికోసమే' అనిపించే ప్రకటన చూడగానే బొమ్మను వదిలి వెనక్కు తిప్పండి. టి.హెచ్.సి. ఎన్ని మిల్లీగ్రాములో చదవండి. కాలిఫోర్నియా సరుకు మీద ఆకు బొమ్మ వున్న త్రికోణపు గుర్తు వుంటుంది.

2. విదేశం వెళ్లే పెద్దవారు తమ మందుల పట్టీ పిల్లలకు ఇవ్వండి. అక్కడ ఎవరేమిచ్చినా, మిఠాయి అయినా సరే, ఏమిటని అడగండి.

3. తిరిగి వచ్చేటప్పుడు ఆ బిళ్లలు పెట్టెలో తేకండి. ఇక్కడ అది నేరం.

4. అమెరికాలో వీసా మీద, గ్రీన్‌కార్డు మీద వున్నవారు గుర్తుంచుకోండి. రాష్ట్రం అనుమతించినా, గంజాయి వాడటం పౌరసత్వానికి అడ్డు రావచ్చునని అక్కడి వలస శాఖ 2019లో స్పష్టంగా చెప్పింది.

5. వాడినవారు డాక్టరు దగ్గర దాచకండి. సిగ్గుపడి దాస్తే జబ్బు ఒకటి, మందు ఒకటి అవుతుంది.

6. నిద్రకు ముందుగా ఇంటి చికిత్స చేయండి. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు. పగలు అరగంటకు మించి పడుకోకండి. సాయంత్రం కాసేపు నడవండి. రోజూ ఒకే వేళకు లేవండి. అప్పటికీ పట్టకపోతే కారణం వెతకడానికి మేమున్నాం.

ఈ మాటలే ఆ పెద్దావిడకూ చెప్పాను. వేవిళ్ల సంగతి వినగానే ఆవిడ కుర్చీలో నుంచి లేచారు. "మా కోడలికి మూడో నెల బాబూ. నీళ్లు కూడా ఇమడటం లేదట. ఆ సీసా వాళ్ల వంటింటి అలమరలోనే వుంది" అంటూ నా గదిలోనే కొడుక్కి ఫోను చేశారు. అక్కడ రాత్రి పదిన్నర.

"ఒరే, ఆ చందమామ సీసా ముందు తీసి పారెయ్. ఎందుకో తరవాత చెబుతాను" అన్నారు.

ఆ అమ్మాయి ఒక్క బిళ్ల కూడా వేసుకోలేదని తెలిశాకనే ఆవిడ మళ్లీ కూర్చున్నారు. మీ వాళ్లింట్లో ఇటువంటి సీసా వున్నదేమో, ఈ రాత్రికే ఫోను చేసి కనుక్కోండి.