మతి చెదిరితే విటమిన్లు చాలునా?



మా వీధిలో ఒకావిడ కొడుక్కి, కాలేజీలో చదువుతూండగా, చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్లు, అందరూ తనమీద కుట్ర పన్నుతున్నట్లు భ్రమలు మొదలయ్యాయి. డాక్టరుగారు స్కిజోఫ్రీనియా అని చెప్పి మందులిచ్చారు. అబ్బాయి కుదుటపడ్డాడు. మొన్న ఆవిడ వచ్చి, "ఆ మందులు మానిపించి, విటమిన్లూ పథ్యమూ చూస్తే నయమవుతుందట, నిజమేనా అండీ?" అని అడిగారు. ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతాను.

ఆ మాట ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు మన హైదరాబాదు చుట్టుపక్కల, జొన్నలమీదే బతికే పేదవాళ్ళలో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పగులుతుంది. విరేచనాలవుతాయి. ముదిరితే మతి చెదురుతుంది. నయాసిన్ అనే బి విటమిన్ లోపించడమే దీనికి మూలం. జొన్నలో ల్యూసిన్ ఎక్కువగా ఉండటం కూడా ఒక కారణం కావచ్చునని డాక్టర్ గోపాలన్‌గారూ, ఆయన సహచరుడూ 1960లో సూచించారు. ఇలాంటి రోగికి నయాసిన్ ఇస్తే కొద్దిరోజుల్లోనే మనిషి తేరుకుంటాడు.

మరి స్కిజోఫ్రీనియాకో? కెనడాలో హోఫర్, ఆస్మండ్ అనే డాక్టర్లు 1950లలో నయాసిన్ గ్రాములకొద్దీ ఇచ్చి, గుణం కనిపించిందన్నారు. నోబెల్ బహుమతి పొందిన లైనస్ పౌలింగ్ కూడా 1968లో ఇలాంటి వైద్యాన్ని బలపరిచారు. కాని ఇతరులు జాగ్రత్తగా పరీక్షిస్తే ఆ గుణం కనబడలేదు. ఆ వాదానికి ఆధారం లేదని 1973లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తేల్చింది. మనకు రోజుకు కావలసిన నయాసిన్ సుమారు 15 మిల్లీగ్రాములే. గ్రాములకొద్దీ మింగితే ఒళ్ళు మంటలెత్తడమే కాదు, కాలేయమూ చెడవచ్చు.

దీపంలో నూనె అయిపోతే నూనె పోస్తే వెలుగుతుంది. వత్తి పాడైతే ఎంత నూనె పోసి ఏం లాభం చెప్పండి?

అలాగని తిండిని చిన్నచూపు చూడకూడదు. బి-12 తక్కువైనా మతిమరుపు, తిమ్మిర్లు, ఒక్కొక్కప్పుడు భ్రమలు కూడా రావచ్చు. ఈ విటమిన్ పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. కాబట్టి శాకాహారులు పాలూ పెరుగూ మానకూడదు. లోపం ఉందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది. మానసిక రోగానికి వాడే కొన్ని మందులతో ఒళ్ళు వస్తుంది, చక్కెరవ్యాధీ రావచ్చు. అందుకని ఆకుకూరలూ పప్పూ ఎక్కువగా, తీపీ నూనె పిండివంటలూ తక్కువగా పెట్టాలి. మందు ఇబ్బంది పెడుతోందనిపిస్తే డాక్టరుతో చెప్పి మార్పించుకోవాలేగాని, మనంతట మనం మానిపించకూడదు.

మా వీధి ఆవిడ ఇప్పుడు కొడుక్కి పప్పూ ఆకుకూరా మజ్జిగా కొసరి కొసరి వడ్డిస్తున్నారు. భోజనమయ్యాక మాత్ర కూడా తన చేత్తోనే అందిస్తున్నారు.